నిండుకున్నది

ఆదిలాబాద్,
24 నవంబర్ 1997.

మరదలు సరళకు,

నీ కండ్లద్దాలు నా జీపులనే ఉండిపోయినయ్. హుజూరాబాద్ పెండ్లి నుంచి నిన్ను కరీంనగర్ బస్టాండు కాడ దింపినప్పుడు ముందరి అద్దం కింద పెట్టి మర్చిపోయినట్టున్నవ్. నిర్మల్ దాటినంక ఒక గుంతల జీపు ఎగిరితే టక్కుమని కిందవడ్డయ్. పగల్లేదు, ఫికర్ చేయకు. దూదిల చుట్టి డబ్బాల పెట్టి పంపుతున్న. జిన్నింగ్ మిల్లోనికి దూది కరువా?

ఫోన్ చేద్దామంటే నీ ఇంట్ల ఫోన్ లేదు, మా మిల్లు ఫోన్ పొద్దంత బ్రోకర్ల చేతులనే ఉంటది. అందుకే కాగితం వట్టిన. చేతిరాత కోడి గీకినట్టున్నదని నవ్వకు.

పెండ్లిల భూపాల్‌రావు మామ నిన్ను అడిగిండు గదా, "గీ వయసుల ఏం చదువు బిడ్డా?" అని. "న్యూట్రినో బరువు అంచనా కడుతున్న మామా" అన్నవ్. "గదెక్కడుంటది?" అంటే, "అంతట ఉంటది, ఇప్పుడే మీ అరచేతుల నుంచి కోట్లు దూసుకపోయినయ్" అన్నవ్. మామ చేయి దులుపుకున్నడు. పందిరంత నవ్విన్రు. నేను గూడ నవ్విన. కని ఇంటికొచ్చినంక నాకు పట్టుకున్నది. పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి కాంట ముందర కూసున్నోన్ని. చేతికి దొరకనిదాన్ని, కంటికి కానరానిదాన్ని ఎట్ల జోకుతరు? జర నాకు తెల్సేటట్టు రాయి.

మా ఇంటామె జానకి పోయి నాలుగేండ్లాయె. బిడ్డ సుమిత్ర నాగపూర్‌ల మొగడు, పిల్లలతోని మంచిగున్నది. ఇంట్ల నేను, వంట చేసే గంగుబాయి, గంతే. పెండ్లిల నిన్ను చూసిన అంటే గంగుబాయి ఉరికొచ్చింది, ఎట్లున్నదని. "ముసల్దయింది, నా తీర్గనే" అన్న. "ఖోటం బోలూ నకా, మాలక్" అని నా మాట కొట్టిపారేసింది. అబద్ధం ఆడకు అని. అది చెప్పింది నిజమే.

మీ బావ,
కరుణాకర్‌రావు


కరీంనగర్,
9 డిసెంబర్ 1997.

గౌరవనీయులైన కరుణాకర్‌రావు బావ గారికి,

నమస్కారాలు. కళ్లద్దాలు భద్రంగా చేరాయి. డబ్బా తెరవగానే మీ మిల్లు వాసన వచ్చింది. ఆ దూదిని పారేయడానికి మనసొప్పక బల్ల మీదే ఉంచాను.

మీరు అడిగినదానికి తెలిసినంతలో చెబుతాను. మీ మిల్లు గేటు దగ్గర లారీ కాంట ఉండేది కదా. పత్తి లారీ వచ్చి దాని మీద నిలబడిందనుకోండి. లారీ మీద ఈగలు ముసురుకున్నాయి. ఒక్క ఈగను తూచే కాంట లోకంలో లేదు. కానీ లారీ బరువెంతో, పత్తి బరువెంతో మీకు తెలుసు. ఆ రెండూ పోగా కాంట మీద మిగిలింది ఈగలన్నిటి బరువు. ఈగలెన్నో లెక్క తెలిస్తే, ఒక్కొక్క ఈగ ఇంతకు మించి బరువుండదని చెప్పేయవచ్చు. విశ్వం ఆ లారీ. అది ఎంత వేగంగా విచ్చుకుంటోందో, ఎంత కాలంగా విచ్చుకుంటోందో చూసి దాని మొత్తం బరువుకు ఒక హద్దు కడతారు. న్యూట్రినోలు పాచికంత చోటులో మూడు వందలకు పైగా ఉంటాయని లెక్క ఉంది. భాగించడమే మిగిలింది.

రెండో దారి ప్రయోగశాలది. కొన్ని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్ బయటికి వచ్చేటప్పుడు శక్తి లెక్క సరిపోదు, కొంచెం తక్కువ వస్తుంది. ఆ తక్కువను కనబడకుండా ఎత్తుకుపోయేదే న్యూట్రినో. ఎంత ఎత్తుకుపోతోందో చాలా సన్నగా కొలిస్తే దాని బరువుకు ఇంకో హద్దు దొరుకుతుంది.

నా పని ఈ రెండు దారుల్నీ పక్కపక్కన పెట్టి చూడడం. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో హైదరాబాద్ లైబ్రరీలకు తిరుగుతూ ఇన్నేళ్లు పట్టింది. ఎండాకాలంలో సిద్ధాంత గ్రంథం ఇచ్చేయాలి. ఇబ్బంది ఒక్కటే. ఏ దారిన పోయినా "ఇంతకు మించదు" అనే తేలుతుంది. "కనీసం ఇంతుంది" అని ఎవరూ చెప్పలేకపోయారు. అసలు బరువే లేకపోవచ్చు, సున్నా కావచ్చు.

జానకక్క పోయినప్పుడు రాలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది. గంగుబాయిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
సరళాదేవి


ఆదిలాబాద్,
28 డిసెంబర్ 1997.

సరళకు,

"గౌరవనీయులైన" అట, "బావ గారు" అట, "మీరు" అట! ఎవలకు రాసినవ్ గీ ఉత్తరం, కలెక్టరుకా? చిన్నప్పుడు మీ వాకిట్ల నా జుట్టు వట్టుకొని గుంజిననాడు గీ మర్యాద ఏడవోయింది? ఇంకోపారి మీరు అన్నవంటే నీ ఉత్తరాన్ని దూదిల కలిపి బేలు కట్టిస్త, బొంబాయి పోతది.

ఈగల ముచ్చట హమాలీలకు చెప్తే పడి పడి నవ్విన్రు. కని నాకు రెండోదే మంచిగ తలకెక్కింది. అది మా తరుగు గాదు? క్వింటాలు పత్తి మిషన్ల పోస్తే దూదిగ కొంత, గింజలుగ కొంత వస్తది. రెండు కలిపి జోకితే క్వింటాలు కాదు, కిలోనో రెండు కిలోలో తక్కువ. కొత్తగ వచ్చినోడు దొంగతనం అయిందని లొల్లి చేస్తడు. తేమ, దుమ్ము గాలిల కలిసిపోతయ్, ఎవలకు కానరాదు. మా బాపు అనేటోడు, "తరుగు అంటే లేనిది కాదురా, చెప్పకుంట పోయింది" అని.

ఇంకో నవ్వులాట చెప్త. మా అవ్వ, అదే మీ అత్తమ్మ, ఉన్నకాన్నుంచి మా ఇంట్ల "లేదు" అనే మాట పలుకద్దు గదా. కాంట కాడ జోకెటోడు "ఒకటి" అనడు, "లాభం" అని మొదలువెడ్తడు. వంటింట్ల బియ్యం ఒడిస్తే "లేవు" అనద్దు, "నిండుకున్నయి" అనాలె. గంగుబాయి మరాఠీదైనా అవ్వ కాడ గదే నేర్చుకున్నది. నిన్న పొద్దుగాల నా ముందర నిలవడి చదివింది, "మాలక్, ఉప్పు నిండుకున్నది, చాయ్‌పత్తి నిండుకున్నది, కందిపప్పు నిండుకున్నది." "ఇల్లంత గింతగనం నిండుకుంటే నేను తినుడెట్లనే?" అన్న. అది మూతి ముడుచుకొని పోయింది.

నిజం చెప్పాల్నంటే గీ మధ్య ఇల్లు బోసిగనే ఉన్నది సరళా. నీ ఉత్తరం వచ్చిననాడు రెండుసార్లు చదివి జేబుల పెట్టుకొని మిల్లుకు పోయిన. జవాబు జల్ది రాయి.

కరుణాకర్


కరీంనగర్,
11 ఫిబ్రవరి 1998.

బావా,

సరే, నువ్వు. మొదట "మీరు" అని రాసి కొట్టేశాను కానీ, నువ్వే.

జవాబు ఆలస్యమైంది. పరీక్షలని, పేపర్లు దిద్దడమని సాకులు చెప్పగలను. అవేవీ కాదు. నీ ఉత్తరం చదివినప్పటినుంచి ఒక విషయం నన్ను వదలడం లేదు. దాని సంగతి చివర్లో అడుగుతాను.

ఆలస్యమంటే గుర్తొచ్చింది. న్యూట్రినోను తూచడానికి ఇంకో ఉపాయం ఉంది. పదకొండేళ్ల కింద దక్షిణాకాశంలో ఒక నక్షత్రం పేలింది. దాని న్యూట్రినోలన్నీ ఒక్కపెట్టున బయల్దేరి, లక్షన్నర సంవత్సరాలకు పైగా నడిచి భూమికి వచ్చాయి. నేల లోపల పెట్టిన నీళ్ల తొట్లలో ఓ ఇరవై మాత్రం చిక్కాయి. బరువే ఉంటే వాటిలో నెమ్మదైనవి వెనకబడాలి. అన్నీ కొద్ది క్షణాల తేడాతో వచ్చేశాయి. అంత దూరం నడిచి అంతే తేడా అంటే, బరువున్నా ఎంతో తక్కువన్న మాట. అలా ఇంకో పై హద్దు దొరికింది.

బరువున్నదే ఆలస్యంగా వస్తుంది బావా. నా ఉత్తరాన్నీ అలాగే లెక్కకట్టుకో.

అరవై తొమ్మిది గుర్తొస్తోంది. ఉద్యమమని కాలేజీలు మూసేశారు, బాపు జైలుకు పోయాడు, అత్తమ్మ మనిషిని పంపించి నన్ను ఆదిలాబాద్ తెప్పించుకుంది. నాకు ఇరవై. ఆ నెలల్లో నేను పుస్తకం తెరిచిందే లేదు. పొద్దంతా కాంట దగ్గర కూర్చుని, నువ్వు రాళ్లు మార్చి మార్చి పెడుతుంటే చూసేదాన్ని. నీ తల నిండా, కనుబొమల మీద కూడా దూది. "నవ్వకు, నీ తల చూస్కో" అన్నావొకసారి. ఆ రోజు గదిలో అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను, దూది తీయకుండా.

ఇప్పుడు అడుగుతున్నాను. మీ ఇంట్లో "నిండుకున్నది" అంటే ఎప్పటినుంచీ అదే అర్థమా? ఉప్పుకూ పప్పుకేనా, వేరేవాటికి కూడానా? నవ్వులాటగా తీసుకోకుండా జవాబు రాయి.

సరళ


ఆదిలాబాద్,
26 ఫిబ్రవరి 1998.

సరళా,

గిదేం పిచ్చి ప్రశ్న? అన్నిటికి అదే. పీపల నూనె ఒడిసినా నిండుకున్నదే, బాయిల నీళ్లు ఒడిసినా నిండుకున్నదే.

నీకు తెల్వదా ఏంది? కాలేజీలు తెరిచిన్రని నువ్వు పోయేనాడు ఆ మాటతోనే గదా మాకు జవాబు చెప్పినవ్. అవ్వకు నిన్ను కోడలిని చేసుకోవాల్నని మస్తు ఆశ. మొకం మీద అడిగితే పిల్ల పరేషాన్ అయితదని గంగుబాయిని పంపింది, మనసుల ఏమున్నదో తెల్సుకొని రమ్మని. నేను మిషన్ కాడ ఉన్న, చెవులన్ని ఇంటి దిక్కే. నువ్వు జీపెక్కినంక గంగుబాయి వచ్చి చెప్పింది, "సరళాబాయి మనసు నిండుకున్నదట" అని. అవ్వ బియ్యం ఏరుడు ఆపి చాట పక్కకు పెట్టింది. ఆఖరికి, "చదువుకున్న పిల్ల ఎంత మర్యాదగ చెప్పిందిరా, లేదు అనకుంట మన ఇంటి మాటతోనే చెప్పింది" అని నిన్ను మెచ్చుకున్నది. నేను మిల్లుకు పోయి ఆనాడంత పత్తి తోడిన.

నేను నిన్ను ఒక్క మాట అనలే. నీ మనసు, నీ ఇష్టం. కని ఎందుకు నిండుకున్నది, నాల ఏం తక్కువైంది అని అడగాల్నని గిన్నేండ్లు ఉండె. పెండ్లిలల్ల, చావులల్ల కలిసినప్పుడల్ల నోటి దాన్క వచ్చేది. అడగలే. ఇప్పుడు ముసలితనం వచ్చింది గనక అడుగుతున్న.

ఇంకోటి దాచిన, చెప్త. మిల్లు అమ్ముదామనుకుంటున్న. యవత్‌మాల్ సేట్ ఒకాయన అడుగుతుండు. సుమిత్ర నాగపూర్ రమ్మని ఒకటే పోరు. మిరుగం కార్తె నాటికి, జూన్ ఎనిమిదికి, మాట చెప్త అన్న. అంతదాన్క మిషన్లు నావే.

కరుణాకర్


కరీంనగర్,
5 మార్చి 1998.

బావా,

మా అమ్మ నాకు నాలుగేళ్లప్పుడే పోయింది. వంటింటి మాటలు నేర్పేవాళ్లు లేరు. బాపు బడిపంతులు. "బియ్యం ఒడిసినయి, తేవాలె" అనేవాడు, ఉన్నది ఉన్నట్టు. ఆ తర్వాత హైదరాబాద్‌లో హాస్టలు. మీ ఇంట్లో గంగుబాయి పొద్దున్నే "అది నిండుకున్నది, ఇది నిండుకున్నది" అంటుంటే ఎంత కలిగిన ఇల్లో అని మురిసిపోయాను. నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం.

ఆ పొద్దున గంగుబాయి నా చెయ్యి పట్టుకుని "అమ్మగారు నీ మనసుల ఏమున్నదో అడగమన్నది" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మీ ఇంటి మాటల్లో నాకు అన్నిటికంటే నచ్చిన మాటను ఏరుకుని చెప్పాను. నిండుకున్నది అని.

నిండింది బావా. అంచుదాకా నిండింది.

జీపులో నిర్మల్ దాకా నవ్వుకుంటూ పోయాను. హాస్టలుకు నీ ఉత్తరం వస్తుందని రోజూ గేటు దగ్గర నిలబడ్డాను. మాఘంలో శుభలేఖ వచ్చింది, నీ పేరు పక్కన జానకి పేరుతో. నా మాట విని కూడా నువ్వు కాదనుకున్నావనే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా అదే అనుకుంటూ బతికాను.

ఒక్కసారి, ఒక్కసారి నువ్వే వచ్చి అడిగి ఉంటే ఏం పోయేది? దూది బేళ్లకు లారీలు పంపుతావు, హైదరాబాద్ దాకా నువ్వు రాలేకపోయావా?

ఇంకేం రాయలేను.

సరళ


ఆదిలాబాద్,
20 మార్చి 1998.

సరళా,

నీ ఉత్తరం మిల్లుల చదివిన. లెక్కలు రాసే మునీమ్ ఏదో అడుగుతుండు, నాకు వినవడలే. లేచి ఇంటికొచ్చి గంగుబాయిని పిలిచి, ఆనాడు సరళ చెప్పిన మాట చెప్పు అన్న. అది గదే చెప్పింది, ఒక్క అక్షరం తప్పకుంట. "చెప్పినప్పుడు సరళ మొకం ఎట్లుండె?" అన్న. "నవ్వుకుంట చెప్పింది మాలక్" అన్నది. నవ్వుకుంట! మరి అప్పుడు ఎందుకు చెప్పలేదే అంటే, "మాట అడిగిన్రు, మొకం ఎవలు అడిగిన్రు?" అని ఏడ్వవట్టింది. దాన్ని ఏమనాలె? అది మోసుకొచ్చింది సరిగనే మోసుకొచ్చింది. తెరిచి చూసుకోవాల్సింది మేము.

జానకి మంచి మనిషి. దాని మీద ఒట్టేసి చెప్తున్న, దానికి ఏ లోటు చేయలే. కని నువ్వు పోయిన రాస్తా మీద దుమ్ము లేచినప్పుడల్ల నేను చూసిన. అది తప్పో ఒప్పో నాకు తెల్వదు, నిజం.

అయ్యింది అయ్యింది. నాకు యాబై రెండు, నీకు నలబై తొమ్మిది. ఇగ సిగ్గెందుకు, అడుగుతున్న. అప్పుడు నిండింది గదా, ఇప్పుడు ఏమన్న ఉన్నదా? ఎంతో వద్దు. నీ ఈగ బరువంత ఉన్నా సరే. ఉన్నది అంటే యవత్‌మాల్ సేట్‌ను పొమ్మంట. నువ్వు ఈడికి రా, లేకపోతే నేనే ఆడికొస్త. లోకం నవ్వితే నవ్వనీ. లేదు అంటే నాగపూర్ పోత. గీసారి మర్యాద వద్దు. ఉన్నదా, లేదా?

కరుణాకర్


కరీంనగర్,
27 ఏప్రిల్ 1998.

బావా,

నీ ప్రశ్నకు జవాబు రాద్దామని కూర్చోవడం, లేవడం, ఇలాగే నెల దాటింది.

సిద్ధాంత గ్రంథం పూర్తయింది. చివరి వాక్యం ఇలా రాశాను: "విశ్వ పరిశీలనలు, ప్రయోగశాల ఫలితాలు కలిపి చూసినా న్యూట్రినో బరువుకు పై హద్దు మాత్రమే చెప్పగలం. అది సున్నా అయి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం." టైపు చేయించి బైండింగుకు ఇచ్చాను.

నా సంగతీ అంతే అనుకో. ఇన్నేళ్లు పెళ్లి లేకుండా ఒంటరిగా ఉన్నాను. పొద్దున కాలేజీ, సాయంత్రం పుస్తకాలు, ఆదివారం బట్టలు ఉతుక్కోవడం. ఆశపడకుండా బతకడం నేర్చుకున్నాను, తేలిగ్గా నేర్చుకోలేదు. అప్పుడు నిండిన మనసు ఎటు పోయిందో వెతుక్కోవడానికి ఇప్పుడు భయమేస్తోంది. వెతికితే ఏమీ లేదని తేలితే? ఉందని తేలి, నలుగురూ నవ్వి, నువ్వు సుమిత్ర ముందు తలవంచుకోవాల్సి వస్తే?

నువ్వు నాగపూర్ వెళ్లు. మనవలతో ఉంటావు. అది మంచిది.

సరళ


ఆదిలాబాద్,
14 మే 1998.

సరళా,

మంచిది. అడిగిన, చెప్పినవ్. గీసారి మాట మధ్యల ఎవలు లేరు.

ఎండలు మండుతున్నయ్. పత్తి సీజన్ ఒడిసింది, మిషన్లు బందు. సేట్ మనుషులు వచ్చి కాంట చూసుకొని పోయిన్రు. దాన్ని ఊడవీకి కొత్తది పెడ్తరట. నువ్వు కూసునే బల్ల గూడ ఆ గదిలనే ఉన్నది. అది మాత్రం ఇయ్యను అన్న. వాళ్లు నవ్విన్రు, విరిగిన బల్ల ఎవలికి కావాలె అని.

మిరుగం నాడు సేట్ వస్తడు, మాట ఇచ్చేస్త. గంగుబాయి నాగపూర్ రాను అంటున్నది. కిన్వట్‌ల చెల్లె ఉన్నదట, ఆడికి పోతదట.

పైలం, పానం మంచిగ చూస్కో.

కరుణాకర్


కరీంనగర్,
7 జూన్ 1998.

బావా,

ఈ ఉత్తరాన్ని టపాలో వేయను. వేస్తే మిరుగం దాటాకే చేరుతుంది. రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే తెస్తున్నాను. నీ చేతిలో పెడతాను. నువ్వు చదువుతుంటే ఎదురుగా కూర్చునే ధైర్యం నాకు లేదు, వంటింట్లో గంగుబాయి దగ్గర ఉంటాను.

ఇవాళ పేపరు మూడో పేజీలో చిన్న వార్త. జపాన్‌లో గని లోపల పెద్ద నీళ్ల తొట్టి పెట్టి చూస్తున్నవాళ్లు మొన్న చెప్పారట. భూమి మీది గాలిలో న్యూట్రినోలు పుడుతుంటాయి. వాటిలో ఒక రకాన్ని లెక్కపెట్టారు. తల మీది నుంచి దిగేవి లెక్క ప్రకారం వస్తున్నాయి. కాళ్ల కింది నుంచి, భూమినంతా దాటుకుని వచ్చేవి మాత్రం సగమే వస్తున్నాయి. మిగతావి చావలేదు. దారిలో ఇంకో రకంగా మారిపోయాయి.

బరువే లేనిదైతే కాంతి వేగంతో పోవాలి, అలా పోయేదానికి కాలమే గడవదు. కాలం గడవనిది మారలేదు. అది మారింది. కాబట్టి దానికి బరువుంది. ఎంతో ఇంకా తెలియదు, కానీ సున్నా కాదు.

పేపరు పట్టుకుని గట్టిగా ఏడ్చాను. పక్కింటి ఆమె వచ్చి ఎవరు పోయారని అడిగింది. ఏం చెప్పను?

నేనూ దారిలో మారాను బావా. ఆ జీపులో నవ్వుకుంటూ పోయిన పిల్లను కాను. జుట్టు నెరిసింది, మాట బిరుసైంది, చీకటి పడితే కళ్లు సరిగా కనబడవు. నిండిన మనసును వెతికితే పాతదాని గుర్తులు దొరక్క, ఏమీ లేదనుకున్నాను. నీ మే నెల ఉత్తరంలో ఆ విరిగిన బల్ల మాట చదివి మూడు వారాలుగా నిద్రలేదు. ఏమీ లేని మనసుకు నిద్ర ఎందుకు పట్టదు? భౌతికశాస్త్రం చదివినదాన్ని, నాకు ఇంత చిన్న లెక్క తట్టలేదు.

బైండింగు వాడి దగ్గరికి పోయి నా పుస్తకం వెనక్కి తెచ్చుకున్నాను. చివరి వాక్యం తప్పు. ఏప్రిల్‌లో నీకు రాసిందీ తప్పే.

నువ్వు మర్యాద వద్దన్నావు. ఉన్నదా, లేదా అన్నావు.

ఉన్నది.

సేట్‌కు మాట ఇచ్చేసి ఉంటే చెప్పు, తిరిగి బస్సెక్కుతాను, నిన్ను ఒక్క మాట అనను. ఇవ్వకపోతే, ఆ బల్ల మీద దుమ్ము తుడిపించు.

నీ
సరళ


ఆదిలాబాద్,
17 జూన్ 1998.

సరళా,

కాలేజీ తెరిచిన్రు గనక నువ్వు కరీంనగర్ పోక తప్పదని నాకు తెల్సు. అయినా నిన్న నువ్వు బస్సుల కూసుంటే నా కాళ్లు బస్టాండుల అతుక్కపోయినయ్. కండక్టరు "పెద్దమనిషీ, ఎక్కుతవా, పక్కకు జరుగుతవా?" అన్నడు.

యవత్‌మాల్ సేట్ ఇంక నన్ను తిడుతనే ఉన్నడు. మిరుగం నాడు ఆయన పీటల మీది నుంచి లేచి పోయిండు గదా, నేను నీ ఉత్తరం చదువుకుంట ఆయన్ను చూడనే లేదని. పోనీ. పత్తి వస్తది, కాంట ఉన్నది, మిషన్లు నడుస్తయ్. సుమిత్రకు రాత్రి ఫోన్‌ల చెప్పిన. "మళ్ల చెప్పు" అన్నది. మళ్ల మొదటికెల్లి చెప్పిన. ఆఖరికి, "మాట అర్థం అడగనీకి గిన్నేండ్లా బాపూ?" అన్నది. ఏడుస్తుందో నవ్వుతుందో తెల్వలే. దసరాకు వస్తదట, నిన్ను చూడాల్నట.

దసరా సెలవులల్ల బాసర పోదాం. ఆడ పిల్లలకు అక్షరాలు దిద్దిపిస్తరు గదా. సరస్వతమ్మ ముందర రెండు దండలు మార్చుకొని, నాకు గూడ పలక మీద మాటలు దిద్దిపియ్యి. ముందుగాల ఏ మాటనో నీకు తెల్సు.

పొద్దున గంగుబాయి డబ్బాలు తెరిచి నిలవడ్డది. "మాలక్, చాయ్‌పత్తి నిండుకున్నది" అన్నది. ఊకోక, "ఒడిసింది అని, నిండింది అని కాదు" అని తనే అర్థం చెప్పింది. ఇప్పుడు ఏ డబ్బా ముచ్చటైనా గట్లనే చెప్తున్నది. అవ్వ ఉంటే దాన్ని తిడుతుండె.

ఇంట్ల నీ కండ్లద్దాలు మళ్ల మర్చిపోయినవ్. గీసారి పంపను. వచ్చి తీస్కపో.

నువ్వు బస్సెక్కినంక ఇల్లంత నిండుకున్నది సరళా. ఏ అర్థంల అని అడగకు. రెండూ.

నీ
కరుణాకర్